ఓక్ కొమ్మ క్రింద దుప్పి ఆనవాలు

ఉత్తర అమెరికాలోని విస్కాన్సిన్, మిషిగన్ సీమలలో చలిగాలులు వీవనారంభించి, మేపుల్ ఆకులు ఎఱ్ఱబారి నేల రాలు దినములలో, అడవిబాట పట్టి నడచువానికి అక్కడక్కడ ఒక వింత కానవచ్చును. చుట్టును నేల యంతయు ఎండుటాకులతో కప్పబడి యుండగా, ఒక్కచోట మాత్రము రెండుమూడడుగుల మేర ఆకులన్నియు ప్రక్కకు చిమ్మబడి నల్లని పచ్చిమన్ను బయటపడి యుండును. ఆ మంటిపై గిట్టల గీతలు, ముక్కుపుటముల కంటు ఘాటైన వాసన. తలయెత్తి చూచినచో, సరిగా ఆ మడికి పైగా, మనిషి ఛాతీ యెత్తున వ్రేలాడుచు, కొన నలిగి విరిగిన యొక కొమ్మ. దీనిని ఆ దేశపు వేటగాండ్రు స్క్రేపు అందురు. తెల్లతోక దుప్పులలోని పోతులు జోడుకట్టు కాలము సమీపించినప్పుడు గోరాడి యేర్పరచు మడి యిది. మనిషి తన చేతులతో అట్టిదానినే కల్పించి, దుప్పులు దానిని తమదిగా స్వీకరించునట్లు చేయు ప్రయత్నమునకు మాక్ స్క్రేపు అని పేరు. వేట ఋతువునకు వారములకు ముందే, ఒక్కొక్కచోట నెలలకు ముందే, అక్కడి వేటగాండ్రు ఈ పనికి పూనుకొందురు.

వేట యన్నది పురాణకథలలో తప్ప కన్నెరుగని మనకు సైతము ఈ విద్య తెలిసికొనదగినదే యని నా నమ్మకము. ఏలయన, ఒక మృగజాతి తనలో తాను జరుపుకొను రహస్యసంభాషణను ఇంత దగ్గరగా వినిపించు విషయములు చాల అరుదు. మనిషి ఆ మడిని కల్పించుటలో ఎంతవరకు కృతకృత్యుడగునో, అంతవరకే వాడు దుప్పి తలపును గ్రహించినవాడని చెప్పవచ్చును.

తెల్లతోక దుప్పి కెనడా దక్షిణభాగము మొదలు దక్షిణ అమెరికాలోని పెరూ దేశము వరకు వ్యాపించిన జాతి. బెదరినప్పుడు తోక నిక్కించి, దాని యడుగునగల తెల్లని వెండ్రుకలు తళుక్కుమనునట్లు గెంతుచు పారిపోవుటచే దానికా పేరు వచ్చినది. పోతులకు ఏటేట కొమ్ములు రాలి మరల మొలచును. వేసవి యంతయు నూగుచర్మము క్రింద పెరిగిన కొమ్ములు సెప్టెంబరు తొలినాళ్లకు గట్టిపడగా, పోతులు ఆ చర్మమును చెట్లకు రాచి యొలిచివేసికొనును. ఈ మార్పులన్నిటికిని సూత్రధారి చలి కాదు, వెలుతురు: పగటిపొద్దు తగ్గుచున్నదని కన్నులు మెదడునకు తెలుపగా, శరీరమున పుంస్త్వమునకు సంబంధించిన రసములు పొంగును. ఉత్తర రాష్ట్రములలో జోడుకట్టుట నవంబరు నడిమిదినములలో ముమ్మరమగును. గర్భకాలము సుమారు 200 దినములగుటచే, కూనలు మే నెలాఖరునను, జూన్ నెలలోను, పచ్చిక పుష్కలముగా నున్న వేళ నేల పడును. ఆడుదుప్పి ఎదలో నుండునది ఒకటి రెండు దినములు మాత్రమే. ఆ గడువు దాటినచో మరల సుమారు 28 దినములు ఆగవలెను. విశాలమైన అరణ్యమున, ఒంటరిగా తిరుగు పోతునకు, ఎవరెవరు ఏ స్థితిలో నున్నారో తెలియుట యెట్లు? ఆ యక్కరను తీర్చుటకు ప్రకృతి కల్పించిన యేర్పాటులలో ఈ మడి యొకటి.

పోతు మడికడకు వచ్చునప్పుడు మొదట నేలను చూడదు, కొమ్మను చూచును. మెడ సాచి, కొమ్మకొనను పెదవులతో పట్టి మెల్లగా నమలును, నాకును. పిదప నొసటిని దానికి రాయును; కొమ్ముల మొదళ్లకును కన్నులకును నడుమ, ఆ రోమముల క్రింద, ఈ కాలమున చురుకుగా స్రవించు గ్రంథులు గలవు. అటుపైన కన్ను సగము మూసి, కంటిమూల నున్న చిన్ని గుంటను కొమ్మకొనపై ఆనించి అటునిటు త్రిప్పును. ఇది యంతయు ఎంతో తీరికగా జరుగును. కొమ్మతో పని ముగిసిన తరువాతనే ముందుకాలితో నాలుగైదు మార్లు బలముగా నేలను గీరి, ఆకులను వెనుకకు చిమ్మును. గిట్టల చీలికలోని గ్రంథివాసనయు అప్పుడు మంటిలో కలియును. కడపట ఆ మడిలో నిలిచి, వీపు కొంచెము వంచి, వెనుకకాళ్ల నడిమికీళ్లను ఒకదానికొకటి ఒత్తి, ఆ కీళ్ల లోపలివైపున కుచ్చులుగా పెరిగిన రోమముల మీదుగా మూత్రము జారవిడుచును. టార్సల్ గ్రంథులనబడు ఆ కుచ్చులలో కాపురముండు సూక్ష్మజీవులు మూత్రముతో కూడి వాసనలను పుట్టించును. ఆ వాసన ఒక్కొక్క దుప్పికి ఒక్కొక్క తీరు. ఈడు వచ్చిన పోతుల కాళ్లపై ఆ కుచ్చులు నవంబరు నాటికి నల్లబడి దూరమునకే కనిపించును. తరువాత వచ్చిన దుప్పి ఆ కొమ్మను, ఆ మన్నును మూర్కొని, ముందు వచ్చిపోయినది ఎవరో, పరిచితమో అపరిచితమో, తెలిసికొని తన వాసనను కూడ అక్కడ చేర్చి పోవును.

పూర్వము వేటగాండ్రు ఒక్కొక్క మడి ఒక్కొక్క బలిష్ఠమైన పోతు సొత్తనియు, అది తన హద్దును చాటుటకై దానిని వేయుననియు తలంచెడివారు. రాత్రియందు సైతము చిత్రములు తీయగల యంత్రములను జార్జియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మడుల యొద్ద నిలిపి పరిశీలించి, 2001లో ప్రకటించిన వ్యాసము ఆ తలంపును చెరిపివేసినది. ఒకే మడికి పలు పోతులు, ఏడాది దాటిన కుఱ్ఱపోతులు కూడ, వచ్చిపోవుచున్నవి. ఆడుదుప్పులును, కూనలును కొమ్మను మూర్కొని పోవుచున్నవి. కనుక అది ఒకరి కోటగోడ కాదు, మన పల్లెల రచ్చబండ వంటిది: అందరు వచ్చెదరు, అందరి కబురును అక్కడ పోగుపడును. ఆ చిత్రములు తెలిపిన రెండవ సంగతి వేటగాండ్రకు మింగుడుపడనిది: ఈ రాకపోకలలో చాల అధికభాగము చీకటివేళలనే జరుగుచున్నది.

కృత్రిమమైన మడిని దుప్పులు అంగీకరించునా యను ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము అంతకు ముందే లభించినది. మిషిగన్ ఉత్తర ద్వీపకల్పమున కుసినో యను చోట, కంచె వేసిన అడవిలో దుప్పుల జీవితమును చిరకాలము పరిశీలించిన జాన్ ఓజోగా అను జీవశాస్త్రజ్ఞుడు, తగిన యెత్తున కొమ్మలను తానే అమర్చి, పోతులు వాటి క్రింద వచ్చి మడులు వేయుటను 1989లో ప్రకటించెను. దుప్పిని పిలుచునది నేలయందలి మన్ను కాదు, దానిపై వ్రేలాడు కొమ్మ యని దీనివలన తేటతెల్లమైనది. ఆకులు చిమ్మిన నేల శరత్కాలపు కొలది వారములకే పరిమితము. కొమ్మను నాకుట, మూర్కొనుట మాత్రము ఏడాది పొడుగునను సాగును. ఈ సంగతి నెరుగక, నేలను గీరి సీసాడు వాసనమందు పోసి, పైన కొమ్మ యున్నదా లేదా యని చూడక తిరిగిపోవువాని శ్రమ సాధారణముగా వ్యర్థమే.

చేయు విధానము వినుటకు సులభము. చోటు నెన్నుకొనుటయందే దాని ప్రాణమున్నది. దుప్పులు పగలు పడుకొను గుబురుపొదలకును, సాయంకాలము మేతకు దిగు ఓక్ తోపులకో, మొక్కజొన్న చేలకో నడుమ, రెండుమూడు కాలిబాటలు కలియు చోటు, పాత కలపబండ్ల దారి యంచు, అడవియు చేనును కూడు మూల — ఇట్టివి మేలైనవి. నేల చదునుగా నుండవలెను. దుప్పులు పడుకొను పొదలలోనికి చొరబడి మడి వేయుట అవివేకము. వాని నిద్ర చెడినచో అవి ఆ త్రావనే మానివేయును. చోటు కుదిరిన పిదప, నేలనుండి నాలుగైదడుగుల యెత్తున అడ్డముగా సాగి, కొన క్రిందికి వ్రాలిన సన్నని సజీవశాఖను వెదకవలెను. ఓక్, మేపుల్, బీచ్, ఆపిల్ చెట్లలో నేదైనను సరియే. తగిన కొమ్మ లేనప్పుడు వేరొకచోటి కొమ్మను తెచ్చి తీగతో కట్టుట కలదు. అడవి ద్రాక్షతీగను గాని, లావుపాటి జనపత్రాటిని గాని చెట్టునుండి వ్రేలాడదీసి, కొనను పీచుపీచుగా విడదీయువారును కలరు. త్రాడును దుప్పులు నమ్మవని మనకు తోచును; కాని కొన్ని దినముల తర్వాత చూచినచో ఆ పీచు తడిసి, నమిలి, మెలిపడి యుండును.

ఈ పనికి వెళ్లువాడు మోకాలివరకు వచ్చు రబ్బరు బూట్లు తొడిగి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, గాలి తననుండి దుప్పుల పడకవైపు వీవని దిక్కున పోవును. తోలుచెప్పులకు, చెమటకు, పొగాకునకు అంటియుండు వాసన దుప్పికి చాల దూరమునుండియే తెలియును. చిన్న దంతెతో గాని, అక్కడనే దొరికిన కఱ్ఱతో గాని, కొమ్మకు సరిగా క్రిందుగా ఆకులను గీరి, పచ్చిమన్ను తేలునట్లు రెండుమూడడుగుల వలయము చేయును. ఆకులను ఒకే దిక్కునకు చిమ్మినచో గిట్టలు చిమ్మినట్లే యుండును. చేతితో కొమ్మకొనను కొంచెము నలిపి, రెండుమూడు చిగుళ్లు విరుచును. అంతే, ఇక మరలవలెను, మాటిమాటికి వచ్చి చూచుట తగదు. విస్కాన్సిన్‌లో విల్లంబుల వేట సెప్టెంబరు నడుమ మొదలగును గనుక, ఆగస్టు చివరి దినములలోనే ఈ పని ముగించువారు పెక్కురు. అక్టోబరు రెండవభాగమున ఆ మడులకు రాకపోకలు హెచ్చి, నవంబరు తొలివారమునకు పరాకాష్ఠ నందును. ఎదకు వచ్చిన ఆడుదుప్పులు దొరుకుటతోడనే పోతులు మడులను విడిచి వాని వెంటబడును. ఏ మడియందు నిన్నటివరకు మన్ను నిత్యము తాజాగా నుండెనో, అందే ఆకులు రాలి కప్పుకొనుచుండును. అనుభవము లేనివాడు అప్పుడు తన మడి చెడినదని చింతించును. అనుభవజ్ఞుడు జోడుకాలము నిండుగా వచ్చినదని గ్రహించి, ఆడుదుప్పులు మేయు చోట్లకు తన మంచెను మార్చుకొనును.

వాసనద్రవ్యముల సంగతి చెప్పకుండుట సాధ్యము కాదు. ఎదకు వచ్చిన ఆడుదుప్పి మూత్రమనియు, పోతు గ్రంథిరసమనియు, చిన్నచిన్న సీసాలలో అంగళ్లలో అమ్ముదురు. చెట్టుకు వ్రేలాడగట్టు చుక్కసీసాలు కూడ గలవు: పగటివేడికి లోపలిగాలి వ్యాకోచించి చుక్కచుక్కగా ద్రవము జారును, రాత్రి చల్లబడగానే నిలిచిపోవును, దీనివలన దుప్పులు పగటిపూట వచ్చుట కలవాటుపడునని వాని నమ్మువారి వాదము. కొందరు పాతకాపులు ఏమియు కొనక తమ మూత్రమునే వాడుదురు; దుప్పులు దానికి బెదరినట్లు కానరాదు. ఈ సీసాల వర్తకము చాల పెద్దది. దాని ప్రకటనలు వేటగాని ఆతురతపై బ్రతుకుచున్నవని నా యభిప్రాయము. సరియైన చోట సరియైన కొమ్మ యున్నచో, మొదటి పోతు వచ్చి తానే దానికి వాసన నిచ్చును. ఆ దినమునుండి అది మనిషి కల్పన గాక అడవి సొత్తే యగును. చోటు తప్పినచో ఎన్ని సీసాలు కుమ్మరించినను లాభము లేదు.

రాకపోకలు చాలవరకు రాత్రివేళలనే యన్నప్పుడు ఈ శ్రమకు ఫలమేమి? మడియొద్ద మంచె కట్టి కూర్చుండి, దుప్పి వచ్చినది, కొట్టితిని, అని చెప్పుకొను భాగ్యము కొందరికి కలుగవచ్చును గాని, వివేకవంతుడైన వేటగాడు దానినే నమ్ముకొనడు. మడికి ఎదురుగా చెట్టుకు కట్టిన కెమెరా వానికి అసలైన ఫలము నిచ్చును. దుప్పి కొమ్మకొనను నాకుచు కొంతసేపు నిలిచియుండును గనుక, కొమ్ముల శాఖలు, మెడలావు, ముఖపు బూడిదవన్నె స్పష్టముగా పటమునకెక్కును. ఈ యడవిలో ఎన్ని పోతులున్నవి, వానిలో ఈడు వచ్చినవేవి, ఇంకను రెండేండ్లు విడిచిపెట్టవలసిన కుఱ్ఱవేవి, నిరుడున్నది ఈయేడు లేకపోయినదేది — ఇవన్నియు వేట తొలినాటికే వానికి తెలిసియుండును. ఏ జంతువును విడువవలెనో ముందే నిర్ణయించుకొనినవాని చేతి తుపాకి, కంటబడినదానినెల్ల కాల్చువాని తుపాకికంటె అడవికి ఎంతయో మేలైనది.

ఆ దేశమున వేటను ప్రభుత్వమే యేల నడిపించుచున్నదని మన పాఠకులకు సందేహము తోచుట సహజము. పందొమ్మిదవ శతాబ్ది చివరకు మాంసమునకును తోళ్లకును అంగళ్లకొఱకు జరిగిన సంహారమువలన, కోట్లలోనుండిన తెల్లతోక దుప్పులు సుమారు 5 లక్షలకో, అంతకు తక్కువకో దిగజారినవి. 1900లో వచ్చిన లేసీ శాసనము చట్టవిరుద్ధముగా చంపిన మృగముల అంతర్రాష్ట్ర వ్యాపారమును నిషేధించినది. 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ శాసనము తుపాకులపైనను, తూటాలపైనను వసూలైన పన్నును వన్యమృగ సంరక్షణకే కేటాయించినది. అడవులు మరల పెరిగినవి, తోడేళ్లు చాలచోట్ల అంతరించినవి, దుప్పులు నేడు సుమారు 3 కోట్లున్నవని యంచనా. ఇప్పుడు బాధ దానికి విపర్యయము: అడవిలో మొలచు లేతమొక్కలను అవి మిగులనీయవు. న్యూజెర్సీలో కాపురమున్న మన తెలుగు గృహిణులు పెరటిలో వేసిన గోంగూరమళ్లకు ఎత్తైన కంచెలు కట్టుకొనుట కారణము లేనిది కాదు. విస్కాన్సిన్‌లో నవంబరు చివర 9 దినములు సాగు తుపాకివేటకు 5 లక్షలకు మించిన జనులు అనుమతిపత్రములు తీసికొని అడవికి పోవుదురు. ఎవరెన్ని, పోతులా ఆడువా, ఏ సీమలో, అన్నది ప్రభుత్వమే నిర్ణయించును.

మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిమృగముల వేటను నిషేధించినది. మన దుప్పుల స్థితిని బట్టి అదియే న్యాయము. కావున ఈ మడివిద్యలోని వేటభాగము మనకు పనికిరాదు. కాని కొమ్మభాష మన మృగములకును ఉన్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువైన కృష్ణజింక పోతు కంటిమూల గుంటలోని నల్లని రసమును పుల్లల కొనలకు, గడ్డిపోచలకు అద్దుచు, ఒకేచోట పెంటికలు కుప్పవేయుచు, ఇది నా నేల యని చాటుకొనును. జార్జి షాలర్ అను జీవశాస్త్రజ్ఞుడు కాన్హా అడవుల మృగములపై చేసిన పరిశీలనమును 1967లో గ్రంథముగా ప్రకటించినాడు. మన కణుజుపోతులు వెనుకకాళ్లపై నిటారుగా లేచి, తలపైనున్న కొమ్మలకు ముఖము రాచు చిత్రమైన చేష్టను శాస్త్రజ్ఞులు వర్ణించియున్నారు. తెలంగాణ రాష్ట్రజంతువైన చుక్కలదుప్పికి నల్లమలలో కొదువ లేదు. అక్కడ నడచు విద్యార్థికి తుపాకి యక్కరలేదు. ఏ కొమ్మకొన నలిగియున్నదో, ఏ యెత్తున నలిగియున్నదో చూచుట నేర్చినచో చాలును.

కడపటి మాట వ్యాధిని గూర్చినది. ఈ విద్య నభ్యసించువారెవ్వరును నేడు దానిని విస్మరింప వీలులేదు. దుప్పుల మెదడును తొలిచి, అవి చిక్కిశల్యమై, చొంగ కార్చుచు చచ్చునట్లు చేయు క్షయకరమైన రోగమొకటి 1967లో కొలరాడో రాష్ట్రపు ఫోర్ట్ కాలిన్స్‌లోని పరిశోధనశాలలో పెంచబడుచున్న మృగములలో మొదట కానవచ్చినది. 2002లో అది విస్కాన్సిన్ అడవిదుప్పులలో బయటపడినది. ఆకృతి చెడిన ప్రియాన్ అను మాంసకృత్తు దీనికి కారణము. అది చొంగలోను, మూత్రములోను, పేడలోను వెలువడి, మంటిలో ఏండ్ల తరబడి చెడక యుండును. దీనికి మందు లేదు, టీకా లేదు. పది దుప్పులు ఒకే కొమ్మను నాకి, ఒకే మంటిలో మూత్రించు మడి యీ రోగమునకు ఎంత యనువైన తావో వేరుగ చెప్పనక్కరలేదు; టెనెసీ రాష్ట్రపు అడవులలో స్క్రేపుల మంటియందును, నాకిన కొమ్మలయందును ప్రియానుల జాడను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు కూడ. సీసాలలోని మూత్రము దొడ్లలో పెంచిన దుప్పులనుండి సేకరింపబడునది. రోగముగల దొడ్డినుండి వచ్చిన సీసా వందలమైళ్ల దూరమున నున్న ఆరోగ్యవంతమైన అడవికి ప్రియానులను మోసికొనిపోగలదు. ఈ కారణమున వర్జీనియా రాష్ట్రము 2015 జూలై 1 మొదలు సహజమైన దుప్పిమూత్రమును వేటలో వాడుటను నిషేధించినది. వెర్మాంట్ మొదలగు రాష్ట్రములును అదే త్రోవ తొక్కినవి.

కాబట్టి ఇప్పుడు బాధ్యత నెరిగిన వేటగాండ్రు కొమ్మనో త్రాటినో మాత్రము అమర్చి, తక్కినది అడవికి విడిచిపెట్టుచున్నారు. వాసన కావలెనన్నవారు రసాయనశాలలో తయారైన కృత్రిమద్రవ్యముతో సరిపెట్టుకొనుచున్నారు. రోగము సోకిన జిల్లాలలో కొట్టిన దుప్పి మెడయందలి శోషరసగ్రంథులను ప్రభుత్వపు పరీక్షాశాలకు అప్పగించి, ఫలితము వచ్చువరకు మాంసమును వండక నిలువయుంచుచున్నారు. రోగముగలదని తేలినదానిని ఎవ్వరును తినరాదని ఆరోగ్యశాఖవారు హెచ్చరించుచున్నారు.